ఇన్సర్ట్ వాక్యాల ఫైలును ఎక్సెల్ షీటుగా మార్చడం: అడ్తి లెక్కల అనుభవం నుంచి ఒక సమాధానం

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: వరంగల్ ఎనుమాముల మార్కెట్లోని ఒక అడ్తి (కమీషన్ వ్యాపారి) దుకాణంలో మీరు లెక్కలు చూస్తున్నారు. పాత సాఫ్ట్‌వేర్ తయారుచేసినవారు ఆ పని మానేస్తూ, దుకాణం సమాచారమంతా ఒకే ఒక్క ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌కు ఆదేశాలిచ్చే భాష) ఫైలుగా మీ చేతిలో పెట్టారు. తెరిచి చూస్తే ‘ఇన్సర్ట్ ఇంటూ’ (ఫలానా టేబుల్లో ఈ వివరాలు చేర్చు) అని మొదలయ్యే వరుసలే వేలకొద్దీ కనబడుతున్నాయి. ఆడిటర్‌గారు మాత్రం ఎక్సెల్ షీటే కావాలంటున్నారు. నోట్‌ప్యాడ్‌లో బ్రాకెట్లు, కొటేషన్లు వెతికి తీసేస్తే సరిపోతుందా అన్నది మీ సందేహం.

నేను హనుమకొండలో ఉంటూ, చాలా ఏళ్లుగా మిర్చి, పత్తి దుకాణాల కంప్యూటర్ లెక్కలు చూస్తున్నాను. సీజను ముగిసి లెక్కలు తేల్చే వేళకు ఇటువంటి ఫైళ్లు నా దగ్గరకు వస్తూనే ఉంటాయి. ఆ అనుభవంతో చెబుతున్నాను: వెతికి మార్చే పద్ధతికి దయచేసి పోవద్దు. ఆ ఫైలును చదవడం తెలిసినది డేటాబేస్ ఒక్కటే కాబట్టి, ముందు దాన్ని డేటాబేస్‌తోనే చదివించి, టేబుళ్లుగా నిలబెట్టి, అక్కడి నుంచి షీటులోకి తీసుకోండి. ఒక పూట ఎక్కువ పట్టినా, రైతుకు చెల్లించిన రూపాయి ఎక్కడా తప్పిపోకుండా ఉండే దారి ఇదే.

ఎందుకిలా అంటున్నానో ఒక వరుసను దగ్గరగా చూస్తే తెలుస్తుంది. మీ ఫైలులో ఇంగ్లీషు అక్షరాల్లో ఉండే వరుస ఇంచుమించు ఇలా ఉంటుందనుకోండి:

ఇన్సర్ట్ ఇంటూ `తక్‌పట్టీ` వాల్యూస్ (4127, '2019-02-18', 'కొమురయ్య', '3-4', 'తేజ (తాలు),(తడి), 12 బస్తాలు', 4.86, 5200.00, నల్),(4128, '2019-02-18', 'సమ్మక్క', '11-7-21', 'వండర్ హాట్, 30 బస్తాలు', 12.40, 8900.00, 0);

ఇక్కడ ఒకే వాక్యంలో రెండు తక్‌పట్టీలు (సరుకు, తూకం, ధర రాసి రైతుకిచ్చే చీటీలు) ఉన్నాయి. ఒక పట్టీ ముగిసి మరొకటి మొదలయ్యే చోట బ్రాకెట్, కామా, బ్రాకెట్ వస్తాయి. అవే గుర్తులు అదే క్రమంలో మొదటి పట్టీ వివరంలోనూ వచ్చాయి, ఎందుకంటే గుమాస్తా తేజ రకం మిర్చి పక్కన తాలు, తడి అని విడివిడిగా బ్రాకెట్లలో రాసుకున్నాడు. నోట్‌ప్యాడ్‌లో ‘బ్రాకెట్, కామా, బ్రాకెట్ ఉన్నచోటల్లా కొత్త వరుస’ అని మార్చిన క్షణంలో కొమురయ్య పట్టీ నడుమకు తెగిపోతుంది. అతని తూకం, ధర వేరే వరుసలోకి జారిపోతాయి. వివరంలోని కామా కూడా కొత్త గడిగా లెక్కకు వస్తుంది. వెయ్యి వరుసల్లో ఇలాంటివి పది ఉంటే కంటికి కనబడవు. మొత్తం కూడితేనే తేడా బయటపడుతుంది. అది ఎక్కడ మొదలైందో వెతకడానికి మళ్లీ మొదటికే రావలసి ఉంటుంది.

కొటేషన్ల సంగతి ఇంకా సున్నితమైనది. పేరులోనో చిరునామాలోనో ఒంటి కొటేషన్ గుర్తు వస్తే, ఎస్‌క్యూఎల్‌లో దాన్ని రెండుసార్లు రాస్తారు. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ అయితే ముందు వెనుకగీత (\) పెట్టి కూడా రాస్తుంది. చిరునామాలో ఎంటర్ కొట్టి రెండో వరుసకు వెళ్లి ఉంటే, అక్కడ వెనుకగీత, దాని పక్కన ఇంగ్లీషు ‘ఎన్’ అక్షరం నిలుస్తాయి. ఎక్సెల్ చదివే సీఎస్‌వీ ఫైలుకు (గడుల మధ్య కామాలు పెట్టిన సాదా టెక్స్ట్ ఫైలు) వేరే నియమాలున్నాయి. 2005లో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 4180 అనే పత్రం ప్రకారం, కామా గానీ కొత్త వరుస గానీ ఉన్న గడిని జంట కొటేషన్లలో పెట్టాలి, లోపల జంట కొటేషన్ వస్తే దాన్ని రెండింతలు చేయాలి. అంటే మీరు చేయబోయేది ఒక వ్యాకరణంలో ఉన్నదాన్ని మరో వ్యాకరణంలోకి మార్చడం. రెండూ తెలిసిన యంత్రం చేయవలసిన పని అది. వెతికి మార్చే కమాండ్‌కు ఆ రెండూ తెలియవు.

పని మొదలుపెట్టే ముందు ఒక మాట. పాత సాఫ్ట్‌వేర్ ఉన్న కంప్యూటర్ ఇంకా నడుస్తుంటే, ఈ ఫైలుతో మీకు పనే లేకపోవచ్చు. ఆ కంప్యూటర్లోని డేటాబేస్‌కే నేరుగా కలిసి టేబుళ్లను ఎగుమతి చేసుకోవచ్చు. చాలామంది ఈ సంగతి అడగడం మరిచిపోతారు.

అది వీలు కాకపోతే, ఫైలు ఏ డేటాబేస్ నుంచి వచ్చిందో ముందు గుర్తుపట్టాలి. నోట్‌ప్యాడ్++ వంటి దానిలో తెరిచి పై ఇరవై ముప్పై వరుసలు చదివితే చాలు. టేబుల్ పేర్ల చుట్టూ వెనక్కి వాలిన ఒంటి గీతలు (`) ఉంటే అది మైఎస్‌క్యూఎల్ లేదా మారియాడీబీ. కొటేషన్‌కు ముందు ఇంగ్లీషు పెద్ద ‘ఎన్’ అక్షరం, మధ్యమధ్యలో ఒంటరిగా ‘గో’ అనే మాట ఉంటే మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్. తేదీల చుట్టూ ‘టు_డేట్’ అని ఉంటే ఆరకిల్ అయ్యే అవకాశం ఎక్కువ. ఇన్సర్ట్‌కు బదులు ‘కాపీ’ అని మొదలై, కింద ట్యాబులతో విడిపోయిన వరుసలు ఉంటే అది పోస్ట్‌గ్రెస్. అందులో డేటా అప్పటికే దాదాపు షీటు రూపంలోనే ఉంటుంది. మన చుట్టుపక్కల దుకాణాలకు చేసి ఇచ్చిన సాఫ్ట్‌వేర్లలో నాకు ఎదురైనవి ఎక్కువగా మైఎస్‌క్యూఎల్‌వే కాబట్టి, మీదీ అదే అనుకుని ముందుకు పోతాను.

మీ కంప్యూటర్లో జాంప్ (XAMPP) అనే సాఫ్ట్‌వేర్ వేసుకోండి. అది ఉచితం, దానితోపాటు డేటాబేస్, దాన్ని బ్రౌజర్లో నడిపించే పీహెచ్‌పీమైఅడ్మిన్ రెండూ వస్తాయి. పీహెచ్‌పీమైఅడ్మిన్‌లో కొత్త డేటాబేస్ తెరిచి, అక్షరాల పద్ధతిగా యూటీఎఫ్8ఎంబీ4 ఎంచుకుని, ఇంపోర్ట్ ట్యాబులో మీ ఫైలు ఇవ్వండి. ఫైలు పెద్దదైతే ఇక్కడ ఆగిపోతుంది, ఎందుకంటే బ్రౌజర్ ద్వారా ఎక్కించే ఫైలుకు పీహెచ్‌పీ ఒక హద్దు పెడుతుంది. అప్పుడు పీహెచ్‌పీ సెట్టింగుల ఫైలులో ఆ హద్దును పెంచవచ్చు. అంతకన్నా, కమాండ్ ప్రాంప్ట్‌లో మైఎస్‌క్యూఎల్ ప్రోగ్రాంకే ఆ ఫైలును నేరుగా అందించడం నాకు సులువుగా తోస్తుంది. పెద్ద ఫైళ్లు కూడా ఆ దారిలో నెమ్మదిగానైనా సాధారణంగా ఎక్కుతాయి.

ఎక్కించేటప్పుడు వచ్చే ఇబ్బందుల్లో రెండింటిని ముందే చెబుతాను. మొదటిది, ‘ఈ కొలేషన్ (అక్షరాలను పోల్చి క్రమంలో పెట్టే నియమం) తెలియదు’ అన్న సందేశం. మీ ఫైలు మైఎస్‌క్యూఎల్ 8 నుంచి వచ్చి, జాంప్‌లో ఉన్న మారియాడీబీ అందులోని ‘0900’ అనే అంకెలున్న కొలేషన్‌ను గుర్తించకపోతే ఇది కనబడుతుంది. ఫైలు నకలు తీసుకుని, ఆ నకలులో ఆ కొలేషన్ పేరును యూటీఎఫ్8ఎంబీ4_జనరల్_సీఐ అని మార్చితే చాలు. వెతికి మార్చడం వద్దన్న నేనే ఇక్కడ చెప్పడానికి కారణం, ఆ పేరు టేబుల్ నిర్మాణం వరుసల్లోనే వస్తుంది, రైతుల వివరాల్లోకి రాదు. రెండోది, కొన్ని ఫైళ్లలో టేబుల్ నిర్మాణం చెప్పే ‘క్రియేట్ టేబుల్’ వాక్యాలే ఉండవు, ఇన్సర్ట్‌లు మాత్రమే ఉంటాయి. అప్పుడు టేబుల్‌ను మీరే తయారుచేయాలి. అలా చేసేటప్పుడు ఆధార్, ఖాతా సంఖ్య, ఫోన్, ఇంటి నంబరు వంటి గడులన్నింటినీ అక్షరాల రకంగానే పెట్టండి. అంకెల రకంగా పెడితే ముందున్న సున్నాలు డేటాబేస్‌లోకి వస్తూనే రాలిపోతాయి.

డేటాబేస్‌లోకి ఎక్కించమని అంత గట్టిగా చెప్పడానికి మరో పెద్ద కారణం ఉంది. తక్‌పట్టీ టేబుల్లో చాలాచోట్ల రైతు పేరే ఉండదు, రైతు సంఖ్య మాత్రమే ఉంటుంది. పేరు, ఊరు, ఖాతా సంఖ్య రైతుల టేబుల్లో, హమాలీ, దడువాయి (తూకం వేసేవారు), కమీషన్ మినహాయింపులు ఇంకో టేబుల్లో, ఖరీదుదారు వివరాలు మరోచోట ఉంటాయి. ఇన్సర్ట్ వాక్యాలను ఉన్నవున్నట్టు షీటులుగా మార్చి ఇస్తే, ఆడిటర్‌గారి చేతికి అంకెల గుట్ట వెళుతుంది గాని లెక్క వెళ్లదు. డేటాబేస్‌లో ఉన్నప్పుడు జాయిన్‌తో (టేబుళ్లను కలిపే ఆదేశంతో) ఒక ప్రశ్న రాసి, పట్టీ సంఖ్య, తేదీ, రైతు పేరు, ఊరు, సరుకు, బస్తాలు, క్వింటాళ్లు, ధర, మినహాయింపులు, చెల్లించిన మొత్తం అన్నీ ఒకే వరుసలోకి తెచ్చుకోవచ్చు. జాయిన్ రాసేటప్పుడు ‘లెఫ్ట్ జాయిన్’ వాడండి. రైతు వివరం ఏ కారణంగానో చెరిగిపోయిన పట్టీలు మామూలు జాయిన్‌లో చడీచప్పుడు లేకుండా మాయమవుతాయి. లెఫ్ట్ జాయిన్‌లో పేరు గడి ఖాళీగా ఉన్నా పట్టీ నిలుస్తుంది. ఒక పట్టీకి మినహాయింపుల వరుసలు నాలుగుంటే, జాయిన్ చేసినప్పుడు ఆ పట్టీయే నాలుగుసార్లు వచ్చి మొత్తం నాలుగింతలయ్యే ప్రమాదం కూడా ఉంది. కాబట్టి మినహాయింపులను ముందుగా పట్టీవారీగా కూడి, ఆ తర్వాతే కలపాలి.

నల్ అని ఉన్నచోట కూడా కొంచెం ఆగి ఆలోచించండి. పై ఉదాహరణలో చివరి గడి రవాణా ఖర్చు అనుకుంటే, కొమురయ్యకు నల్ ఉంది, సమ్మక్కకు సున్నా ఉంది. మొదటిది ‘నమోదు కాలేదు’ అని, రెండోది ‘ఖర్చు లేదు’ అని. ఎగుమతిలో నల్‌కు బదులు ఏమి రాయాలో పీహెచ్‌పీమైఅడ్మిన్ అడుగుతుంది. అక్కడ ఖాళీ వదలండి, సున్నా రాయకండి.

జాయిన్ ఫలితం తెరపై కనబడినప్పుడు పాతిక వరుసలే చూపించినా, దాని కింద ఉన్న ఎగుమతి లంకెతో వరుసలన్నీ బయటకు వస్తాయి. సీఎస్‌వీ ఎంచుకుని, మొదటి వరుసలో గడుల పేర్లు పెట్టమని, గడుల లోపలి కొత్త వరుసలు తీసేయమని చెప్పండి. ఇంతవరకు వచ్చాక డేటా భద్రంగానే ఉంటుంది. అది పాడయ్యేది ఎక్కువగా దీని తర్వాతి మెట్టులో, అంటే ఆ సీఎస్‌వీ మీద రెండుసార్లు క్లిక్ చేసి ఎక్సెల్‌లో తెరిచినప్పుడు.

ఎక్సెల్ తనకు తోచినట్టు ఊహిస్తుంది. మన వరంగల్, హనుమకొండ ఇంటి నంబర్లు చూడండి: 11-7-21 అని ఉంటే దాన్ని 2021 జులై 11 అనుకుని తేదీగా మారుస్తుంది. ఊళ్లలోని 3-4 అనే ఇంటి నంబరు ఏప్రిల్ 3 అవుతుంది. కానీ 2-5-450 వంటిది తేదీ కాలేదు కాబట్టి అలాగే ఉండిపోతుంది. ఒకే గడి కింద సగం ఇళ్లు, సగం తేదీలు కనబడడం ఇందువల్లనే. సర్వే నంబరు 7/2 అని ఉన్నా ఇదే గతి. ఆధార్‌లోని 12 అంకెలను ‘ఈ ప్లస్ 11’ అని కుదించి చూపుతుంది. లోపల అంకెలు ఉన్నా, ఆ ఫైలును మళ్లీ సీఎస్‌వీగా భద్రపరిస్తే పైకి కనబడే కుదింపే మిగులుతుంది. 16 అంకెల బ్యాంకు ఖాతా అయితే మరీ నష్టం: ఎక్సెల్ 15 అంకెల వరకే ఖచ్చితంగా ఉంచుకుంటుంది కనుక పదహారో అంకె సున్నా అయిపోతుంది, దాన్ని తిరిగి రాబట్టే దారి ఆ షీటులో ఉండదు. ఈ ఊహల బెడద ఎంతటిదంటే, మనిషి జన్యువులకు పేర్లు పెట్టే అంతర్జాతీయ సంఘం ‘మార్చ్1’, ‘సెప్ట్1’ వంటి పేర్లు ఎక్సెల్‌లో తేదీలుగా మారిపోతున్నాయని వాటిని ‘మార్చ్‌ఎఫ్1’, ‘సెప్టిన్1’ అని మార్చి, పేర్లు ఎలా పెట్టాలో 2020లో కొత్త మార్గదర్శకాలనే ప్రకటించింది.

కాబట్టి క్లిక్ చేసి తెరవకండి. ఖాళీ ఎక్సెల్ తెరిచి, డేటా మెనూలో ‘ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్‌వీ’ ద్వారా ఫైలు ఇచ్చి, అక్షరాల పద్ధతిగా 65001 యూటీఎఫ్-8 ఎంచుకుని, డేటా రకాలను గుర్తించవద్దని చెప్పండి. అప్పుడు గడులన్నీ టెక్స్ట్‌గా వస్తాయి. ఆ తర్వాత బస్తాలు, క్వింటాళ్లు, ధర, మొత్తం అనే గడులను మాత్రం మీరే సంఖ్యలుగా మార్చుకోండి. టెక్స్ట్‌గా వదిలేస్తే సమ్ ఫార్ములా వాటిని లెక్కలోకి తీసుకోకుండా సున్నా చూపుతుంది. లిబ్రెఆఫీస్ క్యాల్క్ వాడేవారికి ఈ పని ఇంకా తేలిక, ఎందుకంటే సీఎస్‌వీ తెరిచిన ప్రతిసారీ అదే ముందుగా ఒక పెట్టె చూపి, అక్షరాల పద్ధతి ఏమిటి, ఏ గడి ఏ రకం అని అడుగుతుంది. నా మటుకు నేను రైతుల ఖాతా సంఖ్యలున్న ఏ ఫైలునైనా మొదట క్యాల్క్‌లోనే తెరుస్తాను.

తెలుగు అక్షరాల విషయం విడిగా చెప్పాలి. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు అక్షరానికి, ఒక్కో గుణింతపు గుర్తుకు 3 బైట్లు పడతాయి. ఎక్సెల్ ఆ సంగతి గుర్తించకపోతే ఒక్కో బైటును ఒక్కో విదేశీ అక్షరంగా చూపి, పేర్లన్నీ తలపై టోపీలు, చుక్కలు ఉన్న లాటిన్ అక్షరాలుగా కనబడతాయి. అక్షరాల పద్ధతి సరిగా ఎంచుకుంటే అది వెంటనే సర్దుకుంటుంది, డేటా చెడిపోలేదు. కొన్ని పాత సాఫ్ట్‌వేర్లలో మాత్రం పేర్లను అను వంటి పాత ఫాంట్లతో టైపు చేసి దాచారు. అవి యూనికోడ్ కావు. లోపల ఉన్నవి ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులే, ఆ ఫాంటు తొడిగితేనే తెలుగుగా కనబడతాయి. ఏ పద్ధతి ఎంచుకున్నా పేర్లు చదవడానికి రావడం లేదంటే ఇదే కారణమై ఉండవచ్చు. దానికి అను నుంచి యూనికోడ్‌కు మార్చే సాధనం వాడాలి. మార్చిన పేర్లను పాత గడి పక్కన కొత్త గడిలో పెట్టుకోండి, పాతదాన్ని చెరపకండి.

జిల్లా పేర్ల విషయంలోనూ నాది ఇదే పట్టుదల. ఏటూరునాగారం వైపు రైతు పాత పట్టీల్లో వరంగల్ జిల్లా, 2016 పునర్విభజన తర్వాత జయశంకర్ భూపాలపల్లి, 2019లో ములుగు ఏర్పడ్డాక ములుగు అని ఒకే ఊరికి మూడు జిల్లాల పేర్లు కనబడతాయి. అవి తప్పులు కావు, ఆయా తేదీలకు సరైనవే. ఊరివారీగా కూడడానికి ఇప్పటి జిల్లా పేరుతో వేరే గడి చేర్చుకోండి గాని, వచ్చిన డేటాను దిద్దకండి.

వరుసల హద్దు సంగతి చాలామందికి తెలియదు. ఇప్పటి ఎక్సెల్ షీటులో 10,48,576 వరుసలు పడతాయి, పాత ఎక్స్‌ఎల్‌ఎస్ రకంలో 65,536 మాత్రమే. 2020లో ఇంగ్లండులో కోవిడ్ పరీక్షల ఫలితాలను ఆ పాత రకం ఫైళ్లలోకి తీసుకోవడంతో, హద్దు దాటిన వరుసలు తెగిపోయి దాదాపు 16 వేల పాజిటివ్ కేసులు లెక్కలోకి ఆలస్యంగా వచ్చాయి. ఒక దుకాణం పట్టీలకు కొత్త రకం హద్దు చాలినంత ఉంటుంది. ఆడిటర్‌గారు పాత ఎక్సెల్ వాడుతుంటే మాత్రం సంవత్సరంవారీగా విడగొట్టి ఇవ్వండి.

ఇక సరిచూడడం. దీన్ని వదిలేసి షీటు ఎవరికీ పంపవద్దని నా విన్నపం. డేటాబేస్‌లో తక్‌పట్టీల సంఖ్య, క్వింటాళ్ల మొత్తం, చెల్లింపుల మొత్తం మూడింటినీ సంవత్సరంవారీగా అడిగి రాసుకోండి. షీటులోనూ అవే మూడు తీయండి. పైసాతో సహా కలవాలి. సంఖ్య కలిసి మొత్తం కలవకపోతే, కొన్ని గడులు టెక్స్ట్‌గా మిగిలిపోయాయేమో చూడండి. సంఖ్యే ఎక్కువైతే జాయిన్‌లో వరుసలు రెట్టింపయ్యాయి. అవి కలిశాక, దుకాణంలో ఉన్న కాగితపు తక్‌పట్టీ పుస్తకాల్లోంచి వేర్వేరు నెలలవి కొన్ని తీసి, షీటులోని వరుసతో గడి గడిగా పోల్చండి. కంప్యూటర్ లెక్క కంప్యూటర్ లెక్కతో కలవడం ఒకటి, రైతు చేతికిచ్చిన కాగితంతో కలవడం మరొకటి.

డేటాబేస్ ఇన్‌స్టాల్ చేయకుండా పని జరగదా అని మీరు చివర్లో అడిగారు. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష తెలిసినవారు పక్కనుంటే జరుగుతుంది. కాకపోతే పైథాన్ సీఎస్‌వీ మాడ్యూల్‌కు ఒంటి కొటేషన్, వెనుకగీత చెప్పి చదివించే చిట్కా పూర్తిగా నమ్మదగినది కాదు: వెనుకగీత పక్కనున్న ‘ఎన్’ను కొత్త వరుసగా కాక ఉత్త అక్షరంగా తీసుకుంటుంది కాబట్టి చిరునామాల మధ్య అర్థంలేని ‘ఎన్’ మిగిలిపోతుంది, మాటగా రాసిన నల్‌కు, నిజమైన నల్‌కు తేడా కూడా పోతుంది. సరైన పద్ధతి, ఒక్కో అక్షరాన్ని చదువుతూ ఇప్పుడు కొటేషన్ లోపల ఉన్నామా బయట ఉన్నామా అని గుర్తుంచుకునే చిన్న ప్రోగ్రాం రాయడం. ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్ తేలిక కదా అనిపిస్తుంది గాని, అది వెనుకగీతతో రాసిన కొటేషన్లను, మైఎస్‌క్యూఎల్ టేబుల్ చివర రాసే ‘ఇంజిన్’ వంటి మాటలను అర్థం చేసుకోదు.

ఇంటర్నెట్లో ‘ఎస్‌క్యూఎల్ నుంచి ఎక్సెల్’ అని ఉచితంగా మార్చిపెట్టే వెబ్‌సైట్లకు మాత్రం ఈ ఫైలు ఎక్కించకండి. అందులో వందలాది రైతుల ఫోన్ నంబర్లు, ఆధార్, బ్యాంకు ఖాతాలు ఉన్నాయి. అటువంటి సమాచారం కోసమే మన దేశంలో 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. చట్టం మాట అటుంచినా, మనల్ని నమ్మి పుస్తకం మన చేతిలో పెట్టిన రైతు వివరాలు ఎవరి సర్వర్‌కో పంపే హక్కు మనకు లేదు. ఆడిటర్‌గారికి ఇచ్చే షీటులో కూడా అవసరం లేకపోతే ఆధార్ గడి తీసేసి ఇవ్వండి.

ఫైలు ఎక్కకుండా ఆగిపోతే, వచ్చిన ఎర్రర్ సందేశాన్ని, ఫైలు పైనున్న ఇరవై వరుసలను, తక్‌పట్టీ టేబుల్ ‘క్రియేట్’ వాక్యాన్ని ఇక్కడే పెట్టండి. ఇన్సర్ట్ వరుస పెట్టవలసి వస్తే పేరు, ఫోన్, ఖాతా మార్చి పెట్టండి. కామాలు, కొటేషన్లు, బ్రాకెట్లు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉంచండి. వాటిని చూస్తేనే చిక్కు ఎక్కడుందో చెప్పగలను.